అడవికి తిరుగుదారి: జూలలో నేర్చుకున్న తొమ్మిది పాఠాలు

జంతువైద్యుడిగా నా ఉద్యోగ జీవితమంతా జూలలోనే గడిచింది. రిటైరై చాలాకాలమైనా ఒక ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పెళ్లిళ్లలో, రైలు ప్రయాణాల్లో, మనవళ్ల బడిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు: "జంతువుల్ని కంచెల మధ్య పెట్టడం వాటిని కాపాడటం ఎలా అవుతుందండీ?" అలా అడిగేవాళ్లంటే నాకు గౌరవం. వాళ్లకు జంతువు మీద ప్రేమ ఉంది కాబట్టే ఆ అనుమానం వచ్చింది. నాలుగు ముక్కల్లో తేలే జవాబు కాదది. అందుకే కొత్తగా యానిమల్ కీపర్లుగా, డాక్టర్లుగా చేరుతున్న పిల్లల కోసం, సెలవు రోజున కుటుంబంతో జూకి వెళ్లే తల్లిదండ్రుల కోసం నాకు తెలిసింది వరసగా రాస్తున్నాను.

1. జూ ఇచ్చేది గడువు మాత్రమే

అడవిలో ఒక జాతి అంతరించే దశకు వచ్చినప్పుడు, మిగిలిన కొన్నింటిని భద్రంగా ఒకచోట ఉంచి, వాటి సంతతిని పెంచి, తిరిగి వదిలే రోజు కోసం ఎదురుచూడటం జూ చేయగల పని. ఆ పని వేళకు మొదలుకావాలి. అమెరికా ఆకాశంలో కోట్లకొద్దీ ఎగిరిన ప్యాసింజర్ పావురాల్లో చిట్టచివరిది, మార్తా అనే ఆడపక్షి, 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో చనిపోయింది. ఒక్కటే మిగిలాక ఎంత మంచి జూ అయినా దానికి మేత వేయడం తప్ప చేయగలిగింది లేదు.

వేళకు కదిలితే ఏమవుతుందో అరేబియా ఓరిక్స్ చెబుతుంది. పొడవాటి కొమ్ములున్న ఈ తెల్లని ఎడారి జంతువును జీపుల్లో తరిమి కాల్చేస్తున్న రోజుల్లో, 1962లో, కొన్నింటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూకి తరలించే ఏర్పాటు చేశారు. ఆ ఊరిదీ ఎడారి వాతావరణమే కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. లండన్ జూ, అరబ్ పాలకులు ఇచ్చిన వాటితో కలిపి తొమ్మిదింటితో ఒక మంద ఏర్పడింది. 1972లో ఒమన్‌లో స్వేచ్ఛగా తిరుగుతున్న చివరి ఓరిక్స్‌లను కూడా వేటగాళ్లు చంపేశారు. పదేళ్ల తర్వాత, 1982లో, జూలలో పుట్టిన వాటి సంతతిని అదే ఒమన్ ఎడారిలో వదిలారు. సొంత నేల మీద పూర్తిగా అంతరించాక, ప్రమాద స్థాయి మూడు మెట్లు తగ్గిన మొదటి జంతువు ఇదేనని 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రకటించింది.

అయితే ఆ మధ్యలోనే ఒమన్‌లో మళ్లీ వేట మొదలై మంద పలచబడింది. ఓరిక్స్ కోసం ఏర్పాటైన అభయారణ్యాన్ని ప్రభుత్వం తొంభై శాతం కుదించింది. 2007లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. సౌదీ అరేబియా, ఎమిరేట్స్ వంటి దేశాల్లో కూడా వదిలి ఉండబట్టి జాతి నిలబడింది. జూ ఇచ్చిన గడువులో బయట కాపలా బలపడకపోతే, పడ్డ శ్రమ ఎలా చేజారుతుందో ఈ ఒక్క కథలోనే ఉంది.

2. చంపుతున్నది ఏమిటో తేలాలి

మా చిన్నప్పుడు ఊరవతల పశువు కళేబరం పడితే రాబందులు గుంపులుగా దిగేవి. 1990ల తర్వాత అవి కనబడటం మానేశాయి. మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. మొదట ఏదో అంటురోగం అనుకున్నారు. 2004లో అసలు కారణం బయటపడింది. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్! ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తింటే రాబందు మూత్రపిండాలు పాడవుతాయి. యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద తెల్లటి పూతలా పేరుకుంటుంది. కొద్ది రోజుల్లోనే పక్షి చనిపోతుంది.

అప్పటికే హర్యానాలోని పింజోర్‌లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, అక్కడి అటవీశాఖ కలిసి 2001లో రాబందుల సంరక్షణ మొదలుపెట్టాయి. తర్వాత అది జటాయువు పేరుతో సంతానోత్పత్తి కేంద్రమైంది. మన హైదరాబాద్ జూ సహా మరికొన్ని జూలలోనూ ఇలాంటి కేంద్రాలు పెట్టారు. ఇది ఎంత ఓర్పు కావాల్సిన పనో చేసినవాళ్లకే తెలుస్తుంది. రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పిల్ల ఎదిగి జత కట్టడానికి ఏళ్లు పడుతుంది. అందుకే పింజోర్‌లో మొదటి గుడ్డును తీసి ఇంక్యుబేటర్‌లో పొదిగించి, అదే జంట మరో గుడ్డు పెట్టేలా చూశారు.

ఈ కేంద్రాలు పిల్లల్ని పెంచడంతో ఆగలేదు. డైక్లోఫెనాక్‌ను వద్దంటే రైతు పశువుకు మరో మందు చూపించాలి కదా! మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేల్చింది సంరక్షణలో ఉన్న పక్షుల మీద జరిగిన పరీక్షలే. ముందు దక్షిణాఫ్రికాలో, తర్వాత మన దేశంలో వాటిని జరిపారు. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు వాడుతున్నారని గమనించి 2015లో ఆ సీసాలను 3 మిల్లీలీటర్లకు పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువైద్యంలో నిషేధించారు. పింజోర్‌లో పుట్టిన తెల్లవీపు రాబందులను 2020లో బయటికి వదలడం మొదలైంది. 2024లో మన ఆదిలాబాద్ అడవులకు పొరుగున ఉన్న మహారాష్ట్రలోని తడోబాకు కూడా పింజోర్ పక్షులు వెళ్లాయి.

పాడి రైతులకు నా విన్నపం ఒక్కటే. గేదెకో ఎద్దుకో నొప్పి ఇంజెక్షన్ వేయించేటప్పుడు మెలాక్సికామ్ వేయమని అడగండి. ఎన్ని గుడ్లు పొదిగించినా, ఆ పిల్లలు దిగి తినే కళేబరం విషమైతే లాభం లేదు.

3. తల్లిదండ్రులెవరో తెలియని పిల్లతో జాతి నిలవదు

జూలో పిల్ల పుట్టిందంటే పేపర్లో ఫోటో వస్తుంది. దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఈ జంటను ఎందుకు కలిపారు అన్నది స్టడ్‌బుక్‌లో ఉంటుంది. ఒక జాతికి చెందిన ప్రతి జంతువు పుట్టుక, చావు, బదిలీ, సంతానం అందులో రాస్తారు. మన పెద్దలు సంబంధం కుదిర్చే ముందు గోత్రాలు చూసినట్టు, దగ్గరి చుట్టరికం లేని జంటల్ని ఆ పుస్తకం చూసి కలుపుతారు.

ప్రెజ్‌వాల్‌స్కీ అనే మంగోలియా అడవి గుర్రం ఇలాగే మిగిలింది. ఇప్పుడున్న ప్రెజ్‌వాల్‌స్కీ గుర్రాలన్నీ డజను, పదమూడు మూల గుర్రాల సంతానమే. ప్రాగ్ జూ వాటి లెక్క రాస్తూ వచ్చింది. 1992లో అవి మళ్లీ మంగోలియా గడ్డి నేలల్లో అడుగుపెట్టాయి.

మన దగ్గర డార్జిలింగ్ జూ ఉంది. సరోజినీ నాయుడి కుమార్తె, హైదరాబాద్‌లో పుట్టి పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా పనిచేసిన పద్మజా నాయుడి పేరు దానికి 1975లో పెట్టారు. అక్కడి ఎర్ర పాండాల మందలో కొత్త రక్తం కోసం ఐరోపా జూల నుంచి పాండాలను తెచ్చారు. ఈ జాతి అంతర్జాతీయ స్టడ్‌బుక్‌ను రోటర్‌డామ్ జూ చూస్తుంది. 2003లో డార్జిలింగ్‌లో పుట్టిన ఆడ పాండాలను సింగలీలా అడవిలో వదిలారు.

లెక్క తప్పితే ఏమవుతుందో కూడా మన దేశం చూసింది. కొన్ని చోట్ల గిర్ సింహాలకు, ఆఫ్రికా సింహాలకు పుట్టిన కలగలుపు సంతతి పెరిగిపోయింది. అది తెలిశాక వాటి సంతానోత్పత్తి ఆపేసి, బతికినంతకాలం పోషించాల్సి వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలకు నేనెప్పుడూ చెప్పేవాణ్ని: రిజిస్టరు రాయడం గుమాస్తా పని అనుకోకండి, ఆ జంతువు మనవలు అడవికి పోవాలో వద్దో అక్కడే తేలుతుంది.

4. ఎవరూ చూడటానికి రాని జంతువు కోసం కూడా పనిచేయాలి

పులి ఎన్‌క్లోజర్ దగ్గర జనం తోసుకుంటారు. మూషిక జింకను చూడటానికి టికెట్ కొన్నవాళ్లను నేను చూడలేదు. మూడు కిలోల బరువు, అడుగెత్తు ఉండే ప్రాణి. కొమ్ములుండవు. మగవాటికి పైదవడ నుంచి చిన్న కోరలు దిగుతాయి. పగలు పొదల్లో నక్కి, రాత్రి బయటికొచ్చి రాలిన పండ్లు, ఆకులు తింటుంది. నల్లమలలో చిరుతకు, రేచుకుక్కకు, కొండచిలువకు అది ఆహారం. అడవిలో అది తగ్గిపోతే ఆ లోటు పైదాకా తాకుతుంది.

1963 అక్టోబరు 6న మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాల్లో తెరిచిన హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో, 2010లో ఈ జింకల కోసం సంతానోత్పత్తి కేంద్రం మొదలైంది. సందర్శకుల కంటపడని చోట షెడ్లు కట్టారు. సెంట్రల్ జూ అథారిటీ, అత్తాపూర్‌లోని సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల కలిసి నడిపాయి. వేళ్ల మీద లెక్కించదగిన జింకలతో మొదలై మంద రెండు వందలు దాటింది. 2017లో కొన్నింటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తీసుకెళ్లారు. తీసుకెళ్లిన రోజే వదిలేయలేదు. అడవి మధ్యలో కంచె వేసి, అక్కడి చెట్ల కింది ఆకు, పండు తినడం అలవాటయ్యాక తలుపు తీశారు. విశాఖ జూ కూడా ఇలాగే రేచుకుక్కల సంతానోత్పత్తిని చేపట్టింది.

ఇంతకన్నా చిన్న ప్రాణుల కోసం ప్రపంచ జూలు పనిచేస్తున్నాయి. ఫ్రెంచ్ పాలినేసియా దీవుల్లో పార్ట్యులా అనే చిన్న నత్తలు, మనుషులు తెచ్చి వదిలిన మరో మాంసాహార నత్త వల్ల తుడిచిపెట్టుకుపోయాయి. లండన్ జూ వంటివి మిగిలిన వాటిని పెట్టెల్లో పెంచి తిరిగి దీవులకు పంపాయి. వాటిలో ఒక రకం సొంత నేల మీద మళ్లీ సంతానం పొందుతోందని 2024లో తేలింది. నత్త కోసం అంత శ్రద్ధ పెట్టినవాళ్లకు నేను నమస్కరిస్తాను.

5. కీపర్ కళ్లే మొదటి ల్యాబ్

అడవి జంతువు రోగాన్ని దాచుకుంటుంది. అడవిలో నీరసం కనబడితే ప్రాణం పోతుంది కాబట్టి అది దాని స్వభావం. డాక్టరుకు తెలిసేలోపే కీపర్‌కు తెలుస్తుంది. పొద్దున నైట్ హౌస్ తలుపు తీసేటప్పుడు రోజూ లేచి నిలబడేది ఈ రోజు పడుకునే ఉందా, రాత్రి వేసిన మాంసంలో ఎంత మిగిల్చింది, పేడ ఎలా ఉంది, కాలు ఈడుస్తోందా? ఈ నాలుగు చూసి చెప్పగలిగిన కీపర్ ఉంటే నా పని సగం తగ్గేది. పెద్దగా చదువుకోకపోయినా జంతువు నడక చూసి గర్భం చెప్పగలిగినవాళ్ల దగ్గర నేను పాఠాలు నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ చూపుకు శాస్త్రం తోడైంది. కీపర్ పొద్దున్నే సేకరించిన పెంటికల్లోని హార్మోన్లను కొలిచి జింక ఎదకు వచ్చిందా, చూలుతో ఉందా అన్నది జంతువును తాకకుండానే చెబుతున్నారు. మూషిక జింకల విషయంలో లాకోన్స్ శాస్త్రవేత్తలు చేసింది అదే. అదే ప్రయోగశాలలో 2006లో కృత్రిమ గర్భధారణతో ఒక చుక్కల దుప్పి పిల్ల పుట్టింది. ఆ నైపుణ్యం చేతిలో ఉంటే, జత కట్టని జంతువుల వంశం కూడా నిలబెట్టవచ్చు. వీటన్నిటికీ మొదటి మెట్టు కీపర్ చేతిలోని పెంటికల పొట్లమే. అందుకే కీపర్ జీతం, శిక్షణ, మర్యాద సరిగా లేని చోట సంరక్షణ గురించి ఎంత మాట్లాడినా వృథా.

6. అడవికి పోవాల్సిన పిల్ల మనిషికి అలవాటు కాకూడదు

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులి కూనలు ఊరివాళ్లకు దొరికాయి. అటవీ సిబ్బంది తల్లి కోసం గాలించారు, కూనలను దాని దగ్గరికి చేర్చాలని ప్రయత్నించారు. కుదరక చివరికి తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూకి తరలించారు. అలాంటప్పుడు జూ ఒక్కటే దిక్కు. అయితే తల్లి దగ్గర పెరిగే పులి పిల్ల వేట నేర్చుకుంటుంది, మనిషిని చూసి తప్పుకోవడం నేర్చుకుంటుంది. మన చేతుల్లో పాలు తాగి పెరిగితే ఆ రెండూ రావు. మనిషంటే భయం లేని పులి అడవిలోకి వెళితే ఊరికీ ముప్పు, దానికీ ముప్పు.

కాలిఫోర్నియా కాండోర్ విషయంలో శాన్ డియాగో, లాస్ ఏంజెలెస్ జూలు దీనికో దారి కనిపెట్టాయి. 1987లో అడవిలో మిగిలిన చివరి పక్షిని కూడా పట్టేసరికి ప్రపంచంలో ఉన్నవి ఇరవై ఏడే. పిల్లలకు మేత పెట్టే మనిషి చేతికి కాండోర్ తలలాంటి తొడుగు వేసి, మనిషి కంటపడకుండా పెంచారు. 1992లో వదలడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాటి సంఖ్య ఐదు వందలు దాటింది. వేటగాళ్లు వాడే సీసపు తూటాల ముక్కలు తిని ఇప్పటికీ కొన్ని చనిపోతున్నాయి. అందుకే కాలిఫోర్నియాలో 2019 నుంచి వేటకు సీసపు తూటాలు పూర్తిగా నిషేధం.

పిల్లను ఒళ్లో పెట్టుకుని ఫోటో దిగాలన్న కోరిక ఎవరికైనా ఉంటుంది. అడవికి పంపాలనుకున్న పిల్ల విషయంలో ఆ కోరికను అణుచుకోవడమే ప్రేమ.

7. జూలో నేర్చినది అడవిలో అక్కరకొస్తుంది

పల్లెలో బావిలో చిరుత పడిందని వార్త వింటాం. మత్తు ఇచ్చి బయటికి తీస్తారు. ఏ జంతువుకు ఎంత బరువుకు ఎంత మందు, ఎంతసేపటికి పడుతుంది, ఎండలో ఒళ్లు కాలిపోకుండా ఏం చేయాలి అన్న జ్ఞానం చాలావరకు జూలలోనే పోగైంది. మన దగ్గర ఏళ్లుగా వాడుతున్న జైలాజిన్, కెటామిన్ కలిపిన మత్తుమందు జర్మనీలోని మ్యూనిక్ హెల్లాబ్రున్ జూలో రూపుదిద్దుకుంది. దాన్ని నింపిన సిరంజిని బ్లో పైపుతో ఊది వేయడం కూడా జూ డాక్టర్లు నిత్యం చేసే పనే.

మొసళ్ల కథా అలాంటిదే. 1970ల మధ్యలో దేశంలో ఘరియల్ మొసళ్లు రెండు వందల లోపే ఉన్నాయని అంచనా వేశారు. నది ఒడ్డున గుడ్లు సేకరించి పొదిగించి, పిల్లలు నాలుగడుగుల దాకా ఎదిగాక నదుల్లో వదిలారు. ఒడిశాలోని నందన్‌కానన్‌లో ఆడ ఘరియళ్లకు జతగా ఫ్రాంక్‌ఫర్ట్ జూ నుంచి మగదాన్ని తెచ్చారు. 1980లో అక్కడ పిల్లలు పుట్టాయి. జూలో ఘరియల్ సంతానం పొందడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ మొసళ్ల పథకంలో దేశానికంతటికీ శిక్షణ ఇచ్చిన కేంద్రం హైదరాబాద్‌లో ఉండేది. మన మంజీరా అభయారణ్యం కూడా 1978లో మగ్గర్ మొసళ్ల కోసమే ఏర్పడింది.

2021 మేలో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకింది. లక్షణాలను వెంటనే గుర్తించి, నమూనాలు లాకోన్స్‌కు పంపి, వాటిని వేరుగా ఉంచి చూసుకున్నారు. అవి కోలుకున్నాయి. గిర్ సింహాలన్నీ దాదాపు ఒకే ప్రాంతంలో ఉన్న మన దేశంలో, ఒక కొత్త రోగం వాటిని ఎలా పట్టుకుంటుందో తెలియడం చిన్న విషయం కాదు.

8. ప్రతి జాతినీ జూ కాపాడలేదు

కలివికోడిని తలుచుకోండి. 1848లో పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డాన్ లోకానికి పరిచయం చేసిన పక్షి. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. ప్రపంచంలో ఏ జూలోనూ అది లేదు. రాత్రిపూట తిరిగే ఆ పక్షికి కావాల్సింది ముళ్లపొదలు, మధ్యమధ్య ఖాళీ నేల. మనం బీడు అని తీసిపారేసే అలాంటి నేలను కాపాడటం తప్ప దానికి వేరే రక్ష లేదు.

బట్టమేక పిట్ట విషయంలో ఆలస్యంగానైనా పెంపకం మొదలైంది. ఒకప్పుడు మన రోళ్లపాడు ఆ పిట్టలకు పేరుపడిన చోటు. 2019లో రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర గుడ్లు సేకరించి పెంచే కేంద్రం పెట్టారు. 2024లో కృత్రిమ గర్భధారణతో పిల్ల కూడా పుట్టింది. కానీ కరెంటు తీగలకు గుద్దుకుని చనిపోయే పక్షికి, తీగలు లేని గడ్డి మైదానం చూపించాలి. రోళ్లపాడు గడ్డిని రేపటి కోసం అలాగే ఉంచాల్సింది అందుకే.

9. చూడటానికి వచ్చేవాళ్లూ సంరక్షకులే

జూలో చనిపోయిన జింకకు పోస్ట్‌మార్టం చేసినప్పుడు కడుపులోంచి ప్లాస్టిక్ కవర్ల ముద్ద బయటికి తీసిన చేతులివి. తినేది ఇచ్చామన్న సంతోషంతో కవరుతో సహా లోపలికి విసిరారు. ఎవరూ చంపాలని చేయలేదు. అందుకే తిట్టడం కన్నా చెప్పడం మీదే నాకు నమ్మకం. బయటి తిండి వేయకండి, అద్దాలు కొట్టకండి, నిద్రపోతున్న జంతువును లేపకండి.

పిల్లలకు బోర్డు మీది పేరు చదివించి ఊరుకోవద్దు. ఇది మన జిల్లాలో ఉందా, ఇప్పుడు ఎందుకు తగ్గింది, ఏం తింటుంది అని మాట్లాడండి. సర్కసులో ఆడించిన పులులు, సింహాలు నిషేధం తర్వాత మన విశాఖ, తిరుపతి జూల రెస్క్యూ సెంటర్లకు కూడా చేరాయని చెప్పండి. కుదిరితే దత్తత పథకంలో ఒక జంతువు మేత ఖర్చు భరించండి. ఖరీదైన పులే అక్కర్లేదు, చిన్న పక్షికైనా అవకాశం ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, జూకి వెళ్లినప్పుడు అక్కడివాళ్లను ఒక మాట అడగండి: "ఇక్కణ్నుంచి అడవికి ఏ జంతువు వెళ్లింది? ఏది వెళ్లబోతోంది?" జవాబు ఉన్న జూకి అండగా నిలబడండి. జవాబు లేకపోతే మళ్లీ వెళ్లి మళ్లీ అడగండి. ఉద్యోగంలో చేరుతున్న పిల్లలూ, ఆ ప్రశ్నకు చెప్పుకోదగ్గ జవాబు తయారు చేయడమే మీ పని. మేత, మందు, రిజిస్టరు, పెంటికల పొట్లం, కంచె, ఇవన్నీ ఆ జవాబు కోసమే.